కోరిక, నిర్దేశము, రూపకల్పన

గ్రంథాలయాధికారి యొకరు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారి కడకు పోయి, “గడువు దాటిన పుస్తకములను గూర్చి పాఠకులకు త్వరగా తెలియజేయు సాఫ్ట్‌వేర్ కావలెను” అని కోరినారనుకొందము. వినుటకిది స్పష్టమైన కోరికయే. కాని వినిన వెంటనే పనికి పూనుకొన్నవాడు తన యూహను వ్రాయునే గాని, ఆయన కోరినదానిని వ్రాయజాలడు. గడువు ఎన్ని దినములు? సెలవు దినములు లెక్కకు వచ్చునా? ఒకే పాఠకునికి ఎన్నిమారులు తెలియజేయవలెను? ఇవన్నియు అడిగి తెలిసికొనవలసినవే.

ఈ ప్రశ్నలకు వచ్చిన జవాబులను వరుస సంఖ్యలతో, ఒక్కొక్క నియమముగా వ్రాసినదే నిర్దేశ పత్రము. “త్వరగా” అన్న మాటను పరీక్షించుటకు వీలులేదు. “గడువు ముగిసిన మరునాడు ఉదయము 9 గంటలలోపల” అన్నచో గడియారము చూచి పరీక్షింపవచ్చును. ఏమి కావలెనో నిర్దేశ పత్రము చెప్పును. అది యెట్లు జరుగవలెనో, పాఠకుల పట్టిక యెక్కడ నుండవలెనో, ప్రోగ్రాములోని ఏ భాగము దానిని ఏ వేళ పరిశీలింపవలెనో రూపకల్పన పత్రము చెప్పును.

అయితే అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న “ఎందుకు?” అన్నది. దాని జవాబును మరచినచో ఎంత నష్టము కలుగునో చూపు ఉదాహరణ మొకటి కలదు.

1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కూరూ కేంద్రమునుండి ఐరోపా దేశముల ఏరియాన్-5 రాకెట్టు తొలిసారిగా బయలుదేరినది. సుమారు 40 సెకనులలో దారితప్పి ప్రేలిపోయినది. నాలుగు క్లస్టర్ ఉపగ్రహములు దానితో నశించినవి. రాకెట్టు దిశను, గమనమును కొలుచు పరికరములోని ప్రోగ్రామును పాత ఏరియాన్-4 నుండి తెచ్చిరి. అందొక భాగము రాకెట్టు లేచిన తరువాత గూడ సుమారు 40 సెకనులు పనిచేయుచుండును. చివరి క్షణములలో ప్రయోగము నిలిచినచో, చాలసేపు ఆగక మరల సిద్ధపడుటకై ఏరియాన్-4 కొరకు చేసిన ఏర్పాటది. ఏరియాన్-5కు దానితో పనియే లేదు. పైగా కొత్త రాకెట్టునకు క్షితిజ సమాంతర వేగము హెచ్చు. ఆ భాగము లెక్కించిన సంఖ్య, దానికి కేటాయించిన 16 బిట్ల చోటులో పట్టు గరిష్ఠ సంఖ్యయగు 32,767ను మించినది. పరికరము ఆగిపోయినది. తోడుగా నుంచిన రెండవ పరికరములోను అదే ప్రోగ్రాము ఉన్నందున అదియు అట్లే ఆగినది.

జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన విచారించిన సంఘము, ఆ పరికరపు నిర్దేశ పత్రములో ఏరియాన్-5 గమనమార్గపు వివరములు చేర్చబడలేదని తేల్చినది.

కనుక ప్రతి నియమము ప్రక్కను, దానిని కోరినదెవరో, ఏ ప్రయోజనమునకో, ఏ పరిస్థితులలో చెల్లునో వ్రాసియుంచవలెను. పాత పత్రమును కొత్త పనికి తీసికొన్నపుడు వానిని మరల చదువవలెను. గ్రంథాలయాధికారి నడిగిన ప్రశ్నలు ఆనాడు ఆయనకు విసుగు కలిగింపవచ్చును. కాని పదేండ్ల తరువాత ఆ ప్రోగ్రామును దిద్దవలసినవానికి, ఆ జవాబులు గల కాగితమే ఆధారము.