సారథి లేని స్వరరథం

సంగీతాన్ని ఒక్కరు పలికిస్తే ఒక అందం, పదిమంది కలిసి పలికిస్తే మరొక అందం. అయితే పదిమంది కలిసినచోట వారందరినీ ఒకే లయలో, ఒకే భావంలో నడిపించేదెవరు అన్న ప్రశ్న తప్పక పుడుతుంది. కర్ణాటక సంగీత కచేరీలో గాయకుడే ప్రధానం. వయొలిన్ విద్వాంసుడు ఆయన పాటను అనుసరిస్తాడు. మృదంగ విద్వాంసుడు ఆయన గమనాన్ని కనిపెట్టి లయ కూరుస్తాడు. వేదికపై ఉండేది కొద్దిమందే కనుక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే సరిపోతుంది.

పాశ్చాత్య దేశాల సింఫనీ ఆర్కెస్ట్రాలో పరిస్థితి వేరు. అందులో ఎనభై నుండి వందమంది దాకా వాద్యకారులుంటారు. అందరూ ఒకే రాగవరుసను వాయించరు. వయొలిన్లు ఒక వరుసను, చెలోలు మరొక వరుసను, వేణువులు వేరొక వరుసను ఏకకాలంలో పలికిస్తాయి. ఈ వరుసల కలయికలోనే ఆ సంగీతపు సౌందర్యం ఉన్నది. ఇంతమందిని సమన్వయపరచడానికి ఒక వ్యక్తి వారికి అభిముఖంగా నిలబడి, చేతిలోని చిన్న కర్రతో సంజ్ఞలు చేస్తాడు. ఆయనే కండక్టర్.

ఈ పద్ధతి అనాదిగా ఉన్నది కాదు. పదిహేడు, పద్దెనిమిదవ శతాబ్దాలలో వాద్యబృందాలు చిన్నవి. ప్రభువుల మందిరాలలో, పరిమితమైన శ్రోతల ఎదుట అవి వాయించేవి. 1761లో ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరిన స్వరకర్త హైడన్ తానూ బృందంలో ఒకడుగా వాయిస్తూనే దానిని నడిపేవాడు. పందొమ్మిదవ శతాబ్దంలో బృందాలు పెరిగాయి, రచనలు జటిలమయ్యాయి. అప్పుడు కండక్టర్ అవసరం స్థిరపడింది. క్రమంగా అతని మాటే శాసనమయింది. ఇక పాతకాలపు చిన్న బృందాన్ని తలపించేదే చాంబర్ ఆర్కెస్ట్రా. చాంబర్ అంటే గది అని అర్థం.

1972లో న్యూయార్క్ నగరంలో జూలియన్ ఫైఫర్ అనే చెలో వాద్యకారుడు, ఆయన సహచరులు కలిసి ఒక చాంబర్ ఆర్కెస్ట్రాను స్థాపించారు. తన గానంతో చెట్లను, రాళ్లను సైతం కదిలించిన గ్రీకు పురాణ గాయకుని పేరిట దానికి ‘ఆర్ఫియస్’ అని నామకరణం చేశారు. తమకు కండక్టర్ ఉండరాదన్నదే వారి ప్రధాన నియమం. ఈ ఆలోచనకు పూర్వరూపం లేకపోలేదు. 1922లో మాస్కోలో ‘పెర్సింఫాన్స్’ అనే పెద్ద వాద్యబృందం కండక్టర్ లేకుండానే ఆరంభమైంది. పదేళ్లు నడిచి 1932లో అది ఆగిపోయింది.

ఆర్ఫియస్ మార్గం కూడా తొలినాళ్లలో సుగమంగా సాగలేదు. ప్రతి స్వరం గురించీ ప్రతివారూ అభిప్రాయం చెప్పేవారు. చర్చలు పెరిగి సాధన సాగేది కాదు. అందరికీ సమానమైన హక్కు ఉన్నంత మాత్రాన పని జరగదని వారు గ్రహించి ఒక పద్ధతిని రూపొందించుకున్నారు. ప్రతి రచనకూ ఒక ప్రథమ వయొలిన్ వాద్యకారుని, ఆయనతోపాటు ఒక్కొక్క వాద్యవర్గానికి ఒక ప్రతినిధిని ఎన్నుకుంటారు. ఈ చిన్న బృందం ముందుగా సమావేశమై వేగం, భావం, ఉచ్చ నీచాలు నిర్ణయిస్తుంది. ఆ తరువాత సుమారు ముప్పైమంది గల పూర్తి బృందం సాధన ప్రారంభిస్తుంది. అప్పుడు సూచన చేసే హక్కు అందరికీ ఉంటుంది. కచేరీ సమీపించినప్పుడు కొందరు వాద్యం పక్కన పెట్టి, ప్రేక్షకుల స్థానంలో కూర్చొని విని, లోపాలు చెబుతారు.

ఒక రచనకు నాయకత్వం వహించిన వ్యక్తి మరుసటి రచనలో వెనుక వరుసలో కూర్చోవచ్చు. వాద్యం ఆరంభించడానికి కర్ర సంజ్ఞ ఉండదు. ప్రథమ వయొలిన్ వాద్యకారుడు తీసుకునే ఊపిరి, ఎత్తే కమాను, చూసే చూపు, ఇవే సంకేతాలు. అందువల్ల ప్రతి కళాకారుడూ తన వరుసతోపాటు ఇతరుల వరుసలనూ ఎరిగి ఉండాలి. ఈ పద్ధతికి చెల్లించవలసిన మూల్యం కాలం. ఒక్క కండక్టర్ క్షణంలో తేల్చివేసే విషయానికి ఇక్కడ చాలాసేపు చర్చ అవసరమవుతుంది. అయితే చర్చించి అంగీకరించిన దానిని ప్రతివారూ తమదిగా భావించి వాయిస్తారు.

ఆర్ఫియస్ వాయించే రచనల పరిధి విశాలమైనది. హైడన్, మొజార్ట్ వంటి ప్రాచీన స్వరకర్తల కృతులతోపాటు బార్టోక్, స్ట్రావిన్‌స్కీ, కోప్లాండ్ వంటి ఇరవయ్యవ శతాబ్ది స్వరకర్తల రచనలనూ వారు చేపట్టారు. షోన్‌బర్గ్ రచనల వంటి క్లిష్టమైన వాటిని కండక్టర్ లేకుండా వాయించడం సాహసమే. కొత్త రచనలను ప్రోత్సహించడం వారి మరొక ఆశయం. బాఖ్ 1721లో అంకితమిచ్చిన ఆరు బ్రాండెన్‌బర్గ్ కంచెర్టోల స్ఫూర్తితో, ఆరుగురు సమకాలీన స్వరకర్తల చేత 2006 నుండి కొత్త కృతులు రచింపజేశారు.

వారి కీర్తిని దేశదేశాలకు చేర్చినవి రికార్డులు. జర్మనీకి చెందిన డాయిష్ గ్రామఫోన్ సంస్థ వారి వాద్యాన్ని విస్తృతంగా రికార్డు చేసింది. మొజార్ట్ కంచెర్టోలు, హైడన్ సింఫనీలు, రొస్సినీ ఒవర్చర్లు వాటిలో ఉన్నాయి. స్ట్రావిన్‌స్కీ లఘు రచనలతో వెలువరించిన ‘షాడో డాన్సెస్’ 2001లో గ్రామీ పురస్కారం పొందింది.

సంగీతజ్ఞులే కాక నిర్వహణ శాస్త్రవేత్తలు సైతం ఈ బృందాన్ని పరిశీలించారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రిచర్డ్ హ్యాక్‌మన్ 2002లో వెలువడిన తన గ్రంథంలో దీనిని చర్చించాడు. ఈ బృందంలో నాయకుడు లేడన్నది పైకి కనిపించే విషయం మాత్రమే. నిజానికి నాయకత్వం ఒక్కరి చేతిలో ఉండక అందరిలోనూ పంపకమై ఉన్నది. చెప్పే హక్కుతోపాటు వినే బాధ్యతనూ స్వీకరించినప్పుడే స్వేచ్ఛ క్రమశిక్షణగా మారుతుంది. తరగతి గదికైనా, గ్రామసభకైనా, దేశానికైనా ఇది వర్తిస్తుంది.