లోహం కోసం పుట్టి రాతిని చదివిన యంత్రం

ఫ్రాన్స్ విమాన పరిశోధన సంస్థ ఒనేరాలో రేమోన్ కాస్తాన్ పని మిశ్రలోహాలతో. ఒక్కో సూక్ష్మ రేణువులో ఏ లోహం ఎంత ఉందో తెలియాలి. ఎలక్ట్రాన్ పుంజాన్ని మైక్రాన్ వెడల్పుకు కుదించి, నున్నగా సానపట్టిన లోహం మీద పడేట్టు చేశాడాయన. పుంజం తగిలిన చోట ప్రతి మూలకమూ తనదైన తరంగదైర్ఘ్యంతో ఎక్స్-కిరణాలు వెదజల్లుతుంది. వాటి తీవ్రతను, కూర్పు తెలిసిన నమూనా ఇచ్చే తీవ్రతతో పోల్చి లెక్కకడితే ఆ మూలకం పాళ్లు తేలతాయి. ఇదే ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్. 1951లో పారిస్ విశ్వవిద్యాలయంలో ఆయన సిద్ధాంత గ్రంథం దీనిమీదే. 1958లో కామెకా సంస్థ దాన్ని అమ్మకానికి తెచ్చింది.

భూవిజ్ఞానులకు ఇలాంటి యంత్రమే కావాలి. బసాల్టు శిలాద్రవం చల్లారేటప్పుడు లాంథనం నుంచి లుటేషియం దాకా ఉన్న రేర్ ఎర్త్ మూలకాలు చాలావరకు స్ఫటికాల్లో ఇమడక ద్రవంలోనే మిగులుతాయి. ఒలివిన్ వాటిని దాదాపు రానివ్వదు. గార్నెట్ మాత్రం ఇటర్బియం, లుటేషియం వంటి బరువైన వాటిని తనలోకి లాక్కుంటుంది. స్ఫటికంలోని పాళ్లను ద్రవంలోని పాళ్లతో భాగిస్తే వచ్చేది విభాజన గుణకం. అది తెలిస్తే లావా కూర్పును బట్టి, భూగర్భంలో ఏ ఖనిజం మిగిలిపోయిందో ఊహించవచ్చు. రాయిని నలగ్గొట్టి స్ఫటికాలు ఏరితే, వాటికి అంటుకున్న గాజు, అంటే గడ్డకట్టిన ద్రవం, లెక్కను పాడుచేస్తుంది. మైక్రోప్రోబ్‌కు ఏరే పనే లేదు. పుంజాన్ని స్ఫటికం మీద ఒకసారి, పక్కనున్న గాజు మీద ఒకసారి నిలిపితే చాలు.

అయితే పది లక్షల్లో సుమారు వంద పాళ్లకు దిగువన దానికి చూపు ఆనదు. సహజ స్ఫటికాల్లో రేర్ ఎర్త్‌లు తరచూ అంతకన్నా తక్కువే. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ డ్రేక్, డేనియల్ వైల్ కొలిమిలో కరిగించే ద్రవంలోనే ఆ మూలకాలను దండిగా కలిపారు. గుణకం ఒక నిష్పత్తి. పాళ్లు పెరిగినా అది మారనంతవరకూ ఈ ఉపాయం చెల్లుతుంది. ఎక్స్-కిరణ గీతలు ఒకదానిమీద ఒకటి పడకుండా, కొన్నేసి మూలకాలతో ప్రామాణిక గాజులనూ 1972లో అందించారు.

1975లో వాళ్లు ప్రచురించిన ప్లేజియోక్లేజ్ అనే ఖనిజం కొలతల్లో యూరోపియం తీరే వేరు. ఆక్సిజన్ తక్కువైతే దాని ఆవేశం మూడు నుంచి రెండుకు దిగుతుంది. అప్పుడు అయాన్ పెద్దదై, ఇంచుమించు స్ట్రాన్షియమంత అవుతుంది. ప్లేజియోక్లేజ్‌లో కాల్షియం చోటున తేలిగ్గా కుదురుకుంటుంది. 1969లో అపోలో 11 తెచ్చిన చంద్రుడి బసాల్టుల్లో, పొరుగు మూలకాలతో పోలిస్తే యూరోపియానికి లోటు కనబడింది. తొలినాటి శిలాద్రవ సముద్రంలో తేలిన ప్లేజియోక్లేజ్ చంద్రుడికి పైపొరగా మారుతూ దాన్ని పట్టుకుపోయిందన్నది ఎక్కువమంది ఒప్పుకున్న వివరణ. ఏ వేడిలో, ఎంత ఆక్సిజన్‌లో ఎంత పట్టుకుపోగలదో ఈ కొలతలు అంకెల్లో చెప్పాయి.

1962లోనే కాస్తాన్, ఆయన శిష్యుడు జార్జ్ స్లోజియాన్ అయాన్ పుంజంతో పనిచేసే మరో యంత్రాన్ని తయారుచేశారు. దాని వారసులు పది లక్షల్లో ఒక పాలుకన్నా తక్కువనూ పట్టగలవు కనుక సహజ స్ఫటికాలను ఉన్నవున్నట్టే కొలుస్తున్నారు. అయినా ఆ స్ఫటికం ఏ ఖనిజమో, అందులో కాల్షియం ఎంతో ముందుగా తేల్చే పని ఇప్పటికీ మైక్రోప్రోబ్‌దే.