కొననంటే నేరమా?

'ఇక ఆ కొట్లో సరుకులు తీసుకోను' అని మనం ఎన్నిసార్లు అనుకోలేదు! తూకంలో తేడా వచ్చినా, కొట్టతను విసుక్కున్నా ఆ మాట అనేస్తాం. పక్కింటి వదినగారికీ చెబుతాం. ఆవిడ మరో ఇద్దరికి చెబుతుంది. అలా అననని సంతకం పెట్టమ్మా అని ఏ ఆఫీసరో కాగితం చేతిలో పెడితే?

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఇలాంటి కాగితమే పెట్టారు. మనవాళ్ళ పిల్లలు బోలెడంతమంది ఉన్న రాష్ట్రమే అది. ప్రభుత్వంతో కాంట్రాక్టు కావాలంటే 'మేం ఇజ్రాయెల్‌ను బహిష్కరించబోము' అని రాసివ్వాలని 2017లో చట్టం చేశారు. ఆ ఏడాదే హ్యూస్టన్ దగ్గర డికిన్సన్ అనే ఊరు తుపానుకి మునిగిపోతే, ఇళ్ళు బాగుచేసుకునే సాయానికి పెట్టే దరఖాస్తులోనూ ఈ మాట చేర్చారు! గోల అయ్యాక తీసేశారనుకోండి. స్కూలు పిల్లలకు మాట సరిగ్గా పలకడం నేర్పే ఒకావిడ 2018లో సంతకం పెట్టనంది. తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని పోయింది. ఆవిడ కోర్టుకెళితే 2019లో జడ్జి ఆ చట్టాన్ని నిలిపేశారు.

ఇజ్రాయెల్‌ది న్యాయమా, పాలస్తీనా వాళ్ళదా అన్నది వేరే చర్చ. నాకు పట్టిన పురుగల్లా ఆర్కాన్సా రాష్ట్రం కేసు. అక్కడో పత్రిక ఇలాంటి చట్టం మీదే కోర్టుకెళితే, 2022లో అప్పీలు కోర్టు 'కొనకపోవడం భావప్రకటన కిందకు రాదు' అంది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు. అదే సుప్రీంకోర్టు 1982లో, మిసిసిపీలో నల్లజాతివాళ్ళు తెల్లవాళ్ళ దుకాణాలను బహిష్కరించడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని చెప్పింది మరి!

కొనకపోవడం మాట కాదట. మన చీరాల వాళ్ళనడగాలి ఆ సంగతి. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి, పన్నులు ఎన్నో రెట్లు పెంచితే, జనం కట్టమన్నారు. కట్టనందుకు జైలుకెళ్ళినవాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద ఊరికి ఊరే ఖాళీ చేసింది. పదిహేను వేల చిల్లర జనాభాలో పదమూడు వేలకు పైగా పొలిమేర దాటి, రామనగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో పదకొండు నెలలున్నారు. ఎండా వానా, చంటిపిల్లలూ పురుళ్ళూ అన్నీ అక్కడే కదా! చరిత్ర పుస్తకాల్లో గోపాలకృష్ణయ్యగారుంటారు గానీ ఆ పాకల్లో పొయ్యి ముట్టించినవాళ్ళ పేర్లుండవు. ఊరు విడిచివెళ్ళడాన్ని మించిన మాట ఏముంటుంది?

ఆ తర్వాత విదేశీ బట్టల బహిష్కారం. పత్తి మన పొలాల్లో పండుతుంటే బట్ట సీమ నుంచి రావడమేమిటని, కొట్ల ముందు ఆడవాళ్ళు దణ్ణం పెట్టి 'కొనొద్దమ్మా' అని బతిమాలేవారు. గుంటూరు శారదానికేతనం ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకే వెళ్ళారు. 1932 జనవరిలో తెల్లదొరలు ఏకంగా బహిష్కారం మీదే ఆర్డినెన్సు తెచ్చారు. అంటే ఆ దణ్ణం ఎంత గట్టిగా వినిపించిందో ఊహించుకోండి!

అయితే ఇక్కడ నన్ను తడబెట్టే సంగతొకటుంది. 1930లో రౌండ్ టేబుల్ సమావేశం ముందు అంబేద్కర్‌గారు కూడా బహిష్కారాన్ని నేరం చేయమనే అడిగారు. 1922 నాటి బర్మా చట్టాన్ని నమూనాగా చూపించారు. ఆయన అడిగింది ఊరివాళ్ళంతా కలిసి దళితులకు పని ఇవ్వకుండా, సరుకులు అమ్మకుండా కడుపు మాడ్చే బహిష్కారం గురించి. మనకు దూరమా? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపకముందు జరిగింది అదే. కూలి పనులకు పిలవడం మానేశారు. 2015లో అట్రాసిటీ చట్టాన్ని సవరించి సామాజిక, ఆర్థిక బహిష్కారాన్ని నేరాల్లో చేర్చారు. నేనైతే ఆ సవరణకు రెండు చేతులూ ఎత్తుతాను.

మరి రెండు నాలుకలా అంటారేమో. కాదు. చీరాల వాళ్ళు తమ ఇళ్ళు తామే వదులుకుని సర్కారుతో మాట్లాడారు. చుండూరులో భూములున్నవాళ్ళు కూలివాళ్ళ నోటి దగ్గర కూడు తీసేశారు. రెంటికీ బహిష్కారమనే పేరుంటే మాత్రం రెండూ ఒకటవుతాయా? టెక్సాస్ చట్టం వల్ల కూడు పోయింది ఆ టీచరమ్మకు.

2019లో అక్కడివాళ్ళు ఆ చట్టాన్ని కొంత సవరించారు. పదిమంది కంటే తక్కువ ఉద్యోగులున్న సంస్థలకూ, ఒంటరిగా పని చేసుకునేవాళ్ళకూ, లక్ష డాలర్ల లోపు కాంట్రాక్టులకూ వర్తించదు. టెక్సాస్‌లో మీ అమ్మాయో అబ్బాయో సర్కారీ స్కూలుకి చిన్న కాంట్రాక్టు చేస్తుంటే, ఈ సంగతి చెప్పండి. పాత ఫారం ఇచ్చి సంతకం పెట్టమంటే, ఎందుకని అడగమనండి.