ముట్లు ఆగే వయసు: గర్భసంచి తీయించుకునే ముందు

నల్లాకాడ, బీడీలు చుట్టేకాడ అన్ని ముచ్చట్లూ మాట్లాడుకుంటాం. ఈ ఒక్క సంగతి మాత్రం కొంగు చాటునే దాచుకుంటాం. మన షోలాపూర్ గల్లీల్లో నలభై దాటిన ఆడవాళ్లు గర్భసంచి తీయించుకున్నారన్న మాట తరచుగా వింటున్నాను. అందుకే రాస్తున్నాను.

మిల్లులో వైండింగ్ ఖాతాలో ఉన్నప్పుడు, 46వ ఏట నాకు లెక్క తప్పింది. ఒకసారి 20 రోజులకే అయ్యేది, ఒకసారి రెండు నెలలైనా రాకపోయేది. వస్తే గడ్డలు గడ్డలుగా పడేది. రోజంతా నిలబడి చేసే పని. బట్ట మార్చుకోవాలంటే ముకాదంను అడగాలి. మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం. "తీసేయించుకో, పీడ పోతది" అన్నారు ఇరుగుపొరుగు.

సర్కారు దవాఖానకు పోతే డాక్టరమ్మ ముందు రక్తం చూశారు. 12 ఉండాల్సింది 8 ఉంది. స్కానింగు, గర్భసంచి పొర పరీక్ష చేయించి, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. రక్తస్రావం తగ్గడానికి మందులు, ఐరన్ గోలీలు ఇచ్చారు. 49 దాటాక ముట్లు వాటంతటవే ఆగిపోయాయి.

ఆమె చెప్పింది ఇదీ. ఈ వయసులో అండం ప్రతి నెలా విడుదల కాదు. హార్మోన్లు ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ. లోపలి పొర మందంగా పెరిగిన నెల ఎక్కువ పోతుంది. ఒళ్లంతా వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం కూడా ఉంటాయి. వరుసగా 12 నెలలు రాకపోతేనే ముట్లు ఆగినట్టు లెక్క. అప్పటిదాకా కడుపు వచ్చే అవకాశం ఉంటుంది, జాగ్రత్త.

ఇవి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా దవాఖానకు పోవాలి:

- గంట, రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోవడం
- 7 రోజులు దాటినా ఆగకపోవడం
- నెలసరికీ నెలసరికీ మధ్యలో గానీ, భర్తతో కలిసిన తర్వాత గానీ రక్తం కనబడటం
- 40 ఏళ్లలోపే ముట్లు ఆగిపోవడం
- ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనబడటం. చుక్క అయినా సరే, ఇది క్యాన్సర్ గుర్తు కావచ్చు.

2019లో మన రాష్ట్రంలోనే బీడ్ జిల్లా చెరకు కోత ఆడవాళ్ల సంగతి పేపర్లలో వచ్చింది. పని ఎగిరితే కూలి పోతుందని చాలామంది చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నారు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఆగిన బాధలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి, ఎముకలు గుల్లబారతాయి. క్యాన్సర్‌కో, పెద్ద కణితికో ఆపరేషన్ తప్పదంటే చేయించుకోవాల్సిందే. కానీ పరీక్షలు చేయకుండా తీసేద్దామంటే, ఇంకో డాక్టరును అడగండి.

బిడ్డలారా, గోడమీది క్యాలెండర్‌లో నెలసరి తేదీకి సున్నా చుట్టండి. దవాఖానకు పోయేటప్పుడు ఆ క్యాలెండర్ చేతబట్టుకుని పోండి. డాక్టరుకు సగం సంగతి అదే చెప్తుంది.