ఫార్మాటర్ స్లోగా ఉంటే తప్పు అల్గారిథమ్‌దేనా? మెమరీ అలొకేషన్స్ తగ్గించిన కథ

నాకు ల్యాప్‌టాప్ లేని రోజుల్లో ఫోన్‌లోనే టెర్మక్స్ వేసుకుని కోడ్ రాసేవాణ్ని. మీలో కూడా చాలామంది అలాగే నేర్చుకుంటూ ఉంటారు. అప్పుడే రస్ట్‌లో ఒక చిన్న జావాస్క్రిప్ట్ ఫార్మాటర్ లైబ్రరీ రాశాను. అడ్డదిడ్డంగా రాసిన కోడ్‌ని నీట్‌గా సర్దిపెడుతుందన్నమాట. పని చేసేది, కానీ సేవ్ కొట్టిన ప్రతిసారీ కాసేపు ఆగిపోయేది. అల్గారిథమ్ బాలేదేమో అనుకుని రెండు వారాలు దాన్నే తిరగరాశాను. ఏం తేడా రాలేదు.

చివరికి ఒక కౌంటర్ పెట్టాను. రస్ట్‌లో గ్లోబల్ అలొకేటర్‌ని మనం మార్చుకోవచ్చు. మామూలు అలొకేటర్‌నే వాడుతూ, మెమరీ అడిగిన ప్రతిసారీ ఒక అంకె పెంచమన్నాను. ఆ అంకె చూసి నాకే సిగ్గేసింది.

ఏం జరుగుతోందంటే, ఫార్మాటర్ ముందు కోడ్‌ని టోకెన్లుగా విడగొడుతుంది. నేను ప్రతి టోకెన్‌నీ కొత్త స్ట్రింగ్‌లోకి కాపీ చేసేవాణ్ని. 200 లైన్ల ఫైల్, లైన్‌కి 10 టోకెన్లు అనుకోండి. ఇంకా పని మొదలుకాకముందే 2,000 అలొకేషన్లు! అసలు టెక్స్ట్ మెమరీలో ఉండనే ఉంది కదా, మళ్లీ కాపీ ఎందుకు? ఎక్కడ మొదలై ఎంత పొడవుందో గుర్తుపెట్టుకుంటే చాలు. రస్ట్‌లో దాన్నే స్ట్రింగ్ స్లైస్ అంటారు. 64 బిట్ ఫోన్‌లో అది 16 బైట్లే, దానికోసం హీప్‌లో కొత్త చోటు అక్కర్లేదు. ఒరిజినల్ టెక్స్ట్ మాత్రం పని అయ్యేదాకా ఉండాలి. లేకపోతే కంపైలర్ ఊరుకోదు, నన్ను రెండు రోజులు తిట్టింది.

ఇండెంటేషన్ కోసం ప్రతి లైన్‌కీ కొత్త స్పేస్‌ల స్ట్రింగ్ చేసేవాణ్ని, దాని బదులు ఒక్క కాన్‌స్టెంట్ పెట్టాను. ఇక లైన్ 80 అక్షరాల్లో పడుతుందా లేదా అని చూసే చోట ప్రతిసారీ కొత్త వెక్టర్. పెళ్లి భోజనాల్లో ఒక్కో విస్తరికీ ఒక్కో కొత్త బకెట్ తెచ్చి సాంబారు వడ్డిస్తామా? ఒకే బకెట్‌తో పంక్తి అంతా తిరుగుతాం. అలాగే ఒకే వెక్టర్ ఉంచుకుని ప్రతిసారీ క్లియర్ కొట్టాను. క్లియర్ చేస్తే లోపలి సరుకు పోతుంది గానీ తీసుకున్న చోటు అలాగే ఉంటుంది.

సేవ్ కొడితే ఆగడం పోయింది. ఆ ఊపులో అవుట్‌పుట్ బఫర్‌ని కూడా అన్ని ఫైళ్లకీ ఒకటే చేశాను. అక్కడ క్లియర్ మర్చిపోయాను!

నా టెస్టులన్నీ ఒక్కో ఫైల్‌నే ఫార్మాట్ చేసేవి కాబట్టి అన్నీ పాసయ్యాయి. మా ఫ్రెండ్ ఒకడు ఫోల్డర్ మొత్తం మీద రన్ చేశాడు. రెండో ఫైల్ తెరిస్తే పైన మొదటి ఫైల్ కోడ్ మొత్తం ఉంది. మూడో దాంట్లో మొదటి రెండూ. "ఏంట్రా ఇది, నా ప్రాజెక్ట్ మొత్తం నాశనం చేశావ్" అని రాత్రి ఫోన్. గిట్‌లో కమిట్ చేసి ఉన్నాడు కాబట్టి బతికిపోయాను. ఫార్మాటర్ స్లోగా ఉంటే తిట్టుకుంటారు, అంతే. కోడ్‌నే పాడుచేస్తే మళ్లీ ముట్టుకోరు.

పైథాన్‌కి బ్లాక్ అనే ఫార్మాటర్ ఉంది. ఫార్మాట్ చేశాక, ముందు కోడ్ అర్థం, తర్వాతి కోడ్ అర్థం ఒకటేనా అని సింటాక్స్ ట్రీలు పోల్చి చూసుకుంటుంది. నేను అంత దూరం వెళ్లలేదు. ఫైల్‌లో రాసేముందు పాత టోకెన్లు, కొత్త టోకెన్లు పక్కపక్కనే నడిపిస్తూ పోలుస్తాను, తేడా వస్తే ఫైల్‌ని ముట్టుకోను. దీనికి కొంచెం టైమ్ పడుతుంది, తెలుసు. తీసేయను.

ఆ కౌంటర్ కోడ్ పది పదిహేను లైన్లే. వచ్చే ఎపిసోడ్‌లో ఫోన్‌లోనే టైప్ చేసి చూపిస్తా.