లేని గళ్ళు ఏల కనబడును?

చూపు మందగించిన పెద్దలు ఒక్కొక్కప్పుడు ఒట్టి గోడపై గళ్ళు కనబడుచున్నవందురు. మతి చలించినదేమోయని ఇంటివారు దిగులుపడుదురు. ఈ దిగులునకు గణితశాస్త్రము కొంత ఊరట కలిగింపగలదు.

మెస్కలిన్ అను మత్తుపదార్థము వలన కలుగు భ్రాంతులను 1920ల దశకములో హైన్రిక్ క్లూవర్ పరిశీలించెను. వానిలో మరల మరల అగపడు ఆకృతులను నాలుగు తెగలుగా విభజించెను: గళ్ళు, సాలెగూళ్ళు, సొరంగములు, సుడులు. ఎందరు చూచినను ఇవియే ఏల?

1979లో అమెరికాలో ఎర్మెంట్రౌట్, కోవన్ అను శాస్త్రజ్ఞులు సమీకరణములతో దీనిని వివరించిరి. మెదడు వెనుకభాగమున చూపునకు సంబంధించిన పొర కలదు. అందు కొన్ని నాడీకణములు పొరుగు కణములను రేపును, కొన్ని అణచును. ఈ తూకము చెడినపుడు, కంటి ఎదుట ఏమియు లేకున్నను, ఆ పొరపై చారలుగానో గళ్ళుగానో చలనము పుట్టును. కంటి చిత్రము అచ్చట యథాతథముగా పడదు. నడిమిభాగము విశాలముగా, అంచులు ఇరుకుగా పరచుకొనును. అందుచే అచ్చటి తిన్నని చారలు, తమ దిశను బట్టి, మనకు వలయములుగా, కిరణములుగా, సుడులుగా తోచును.

కంటినుండి వచ్చు వార్తలు తగ్గినపుడు కూడ ఆ పొర తనంత తాను చలింపవచ్చును. కావున ఆ గళ్ళు మతిభ్రంశమునకు గుర్తు కానక్కరలేదు. పెద్దలు అట్లు చెప్పినపుడు కసరక, కంటివైద్యునకు చూపించుట మేలు.