పొలము కాపునకు, బిళ్ళ గురికి తేలిక తుపాకి – ఎంపికలో గమనించవలసిన సంగతులు

వడమాలపేట మండలములో కొండవాలున ఉన్న పల్లెలలో వేరుశనగ కాయ ఊరు రోజులు వచ్చినవనగా రైతుకు రాత్రి నిద్ర ఉండదు. అడవిపందుల మంద ఒక్కసారి చేనులో దిగినచో తెల్లవారుసరికి మిగులునది త్రవ్విపోసిన మట్టి మాత్రమే. చెరకు తోటకును ఇదే బెడద. ఇట్టి రోజులలో ఒక రైతు నా వద్దకు వచ్చి, “మా తాత కాలం నాటి జోడు గొట్టాల తుపాకి స్టేషన్లో ఉండాది సారూ. లైసెన్సు నా పేరున మార్చుకొని అదే వాడుకొనేదా, లేక తేలికది ఒకటి కొనేదా?” అని అడిగినాడు. విత్తనము గూర్చియో పురుగుమందు గూర్చియో అడిగిన వెంటనే చెప్పగలవాడనే గాని, ఈ ప్రశ్నకు తెలిసినవారిని విచారించి, తుపాకిని చూపించి, పిమ్మట బదులు చెప్పవలసి వచ్చినది. ఆ విషయములు ఇతర రైతు సోదరులకును, గ్రామాధికారులకును ఉపయోగపడునని ఇక్కడ వ్రాయుచున్నాను.

తేలిక అనగా ఎంత?

పొలము చుట్టూ తిరుగువానికి తుపాకి తేలికగా ఉండవలెనన్నది నిజమే. కాని మిక్కిలి తేలికయైన తుపాకి భుజమును గట్టిగా తన్నును. తన్నునను భయము పట్టుకొన్నవాడు మీట నొక్కునప్పుడు కన్ను మూయును, గురి తప్పును. కనుక తుపాకి బరువును తూటాలోని సీసపు గుండ్ల బరువునుబట్టి నిర్ణయింపవలెను. తుపాకి బరువు గుండ్ల బరువునకు 96 రెట్లు ఉండవలెనని ఇంగ్లండు తుపాకి పనివారు పూర్వము ఒక సూత్రము చెప్పినారు. దాని ప్రకారము 28 గ్రాముల గుండ్లు గల తూటాకు సుమారు 2.7 కిలోలు, 32 గ్రాముల తూటాకు సుమారు 3.1 కిలోలు, 36 గ్రాముల తూటాకు సుమారు 3.5 కిలోలు తుపాకి కావలెను.

మట్టి బిళ్ళలు ఎగురవేసి కాల్చు క్రీడలో ఒక పూటలోనే వందకు పైగా తూటాలు కాల్చుదురు. అందుచేత ఆ క్రీడాకారులు 3.5 కిలోలకు మించిన బరువు తుపాకులు వాడుదురు. అంతర్జాతీయ పోటీలలో తూటాకు 24 గ్రాముల గుండ్లకు మించరాదు. బరువు తుపాకి, చిన్న తూటా కలియుటచే దెబ్బ భుజమునకు తెలియదు. వెనుకటి వేటగాండ్రు కౌజులకు, పూరేళ్లకు రోజంతయు నడచి నాలుగైదు తూటాలు మాత్రమే కాల్చెడివారు. వారికి 3 కిలోలకు లోబడిన తుపాకి సరిపోయినది.

ఈ రెండు పనులకును ఒక్కటే తుపాకి కావలెనన్నచో 3 కిలోల దరిదాపున ఉన్న 12 బోరు తుపాకి మేలు. సాధకమునకు 24 లేక 28 గ్రాముల తూటాలే వాడవలెను. 36 గ్రాముల తూటాలతో సాధకము చేయరాదు.

బోరు

ఒక పౌను సీసముతో పన్నెండు సమానమైన గుండ్లు పోసినచో, అందులో ఒక గుండు పట్టు గొట్టము 12 బోరు. దాని లోపలి వ్యాసము సుమారు 18.5 మిల్లీమీటర్లు. 20 బోరు గొట్టము అంతకంటె సన్నము, సుమారు 15.6 మిల్లీమీటర్లు. 20 బోరు తుపాకి తేలికయే గాని మన దుకాణములలో సులభముగా దొరకునవి 12 బోరు తూటాలు.

ఒకే ఇంట రెండు బోర్లు ఉంచుట ప్రమాదకరము. 20 బోరు తూటాను పొరపాటున 12 బోరు తుపాకిలో వేసినచో అది గొట్టములోనికి కొంత జారి నిలిచిపోవును. వెనుక చూచువానికి తుపాకి ఖాళీగానే కనబడును. అతడు 12 బోరు తూటా వేసి కాల్చినచో గొట్టము పగిలి చేయి పోవును.

పాత తుపాకి – తూటా పట్టు గది

పై రైతు విషయములో తేలిన ముఖ్యమైన సంగతి ఇది. పూర్వకాలపు ఇంగ్లీషు తుపాకులలో అనేకము 65 మిల్లీమీటర్ల తూటాలకై చేయబడినవి. నేటి తూటాలలో 70 మిల్లీమీటర్లవి విశేషము. ఈ కొలత కాల్చిన పిమ్మట విచ్చుకొన్న గొట్టపు పొడవు. కాల్చకముందు మూతి మడిచి ఉండుటచే 70 మిల్లీమీటర్ల తూటా 65 మిల్లీమీటర్ల గదిలో సుళువుగా దూరును, తుపాకియు మూసికొనును. “పట్టినది కదా” అని కాల్చినచో మూతి విచ్చుకొనుటకు చోటు చాలక లోపలి ఒత్తిడి మిక్కిలి పెరుగును. ఆ రైతు ఇంట తాతనాటి తుపాకిది 65 మిల్లీమీటర్ల గది. ఇటీవల ఎవరో ఇప్పించబోయిన తూటాలు 70 మిల్లీమీటర్లవి. లైసెన్సు గల తుపాకి మరమ్మతుదారు కొలిచి చూచుటచేత గండము తప్పినది. తూటా పట్టినంత మాత్రమున సరిపోయినట్లు కాదని ప్రతివారును గుర్తుంచుకొనవలెను. ఇనుము, ఉక్కు తీగెలను పేని చేసిన చారల గొట్టముల పాత తుపాకులలో నేటి పొగలేని మందు తూటాలు, తగిన పరీక్ష ముద్ర ఉన్నగాని వాడరాదు.

కొనునప్పుడు చూడవలసినవి

లైసెన్సు గల దుకాణములోనే కొనవలెను. ముందుగా తుపాకి మడిచి, ఖాళీయని కంటితో చూచి పిమ్మట చేతికి తీసికొనవలెను.

1. తయారీదారు పేరు, నంబరు, ప్రూఫు ముద్ర స్పష్టముగా ఉండవలెను. నంబరు చెరిపిన తుపాకిని తాకవద్దు.

2. గొట్టములను వెలుతురుకు పట్టి లోపల చూడవలెను. నొక్కులు, తుప్పు తిన్న గుంటలు ఉండరాదు.

3. గొట్టములను ఊడదీసి వేలికి వ్రేలాడదీసి గోటితో కొట్టవలెను. గంటవలె మ్రోగినచో అతుకులు గట్టివి. బొంగురుగా పలికినచో అతుకు వదలినదని అనుమానింపవలెను.

4. ముందు కర్ర తీసి, తుపాకి మూసి, పిడి పట్టి ఊపవలెను. గొట్టములు కదలినచో కీలు అరిగినది.

5. పిడి సన్నబడిన చోట పగుళ్లు వచ్చును. అచట చక్కగా పరీక్షింపవలెను.

6. మీట మరీ సుళువుగా కదలరాదు. భద్రపు మీట వేసిన పిమ్మట ఎంత నొక్కినను దెబ్బ పడరాదు.

ఒంటికి కుదురుట

చొక్కా వలెనే తుపాకియు మనిషికి కుదరవలెను. రెండు కన్నులు మూసికొని ఖాళీ తుపాకిని భుజమున ఆనించి, చెంప చేర్చి, కన్నులు తెరువవలెను. చూపు గొట్టము వెంట తిన్నగా పోయినచో తుపాకి కుదిరినట్లు. మడమ పొడవైనచో చంకకు తగిలి చిక్కుకొనును; పొట్టిదైనచో బొటనవ్రేలు ముక్కును గుద్దును. మంచి పనివాడు కర్రను కోసియో, తునక అతికియో సరిచేయగలడు.

గొట్టపు మూతి నొక్కును చోకు అందురు. నొక్కు లేని గొట్టము 40 గజముల దూరమున 30 అంగుళముల వలయములో నూటికి 40 గుండ్లు వేయును. సగము చోకు 60, పూర్తి చోకు 70 వేయును. జోడు గొట్టాలలో ఒకటి తక్కువ చోకు, రెండవది సగము చోకు ఉండుట మేలు. పెద్ద కాగితము కట్టి కాల్చి చూచినచో నిజము తెలియును. ఆ కాగితము వెనుక ఎత్తైన మట్టికట్ట ఉండవలెను. 6వ నంబరు గుండ్లు 200 మీటర్ల వరకును, ఎస్.జి. వంటి పెద్ద గుండ్లు 600 మీటర్లకు పైగాను పోగలవు.

చట్టము

1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము పంట రక్షణకు మొదట నోటినుండి మందు కూరు తుపాకికి లైసెన్సు ఇత్తురు. అది చాలదని అధికారి తలచినచో 20 అంగుళములకు తక్కువ కాని గొట్టము గల ఇతర తుపాకికి ఈయవచ్చును. 2022 ఏప్రిల్ 4 నుండి వడమాలపేట తిరుపతి జిల్లాలో చేరినది. కనుక ఇక్కడివారు చిత్తూరునకు పోక తిరుపతి కలెక్టరు కార్యాలయమునకు దరఖాస్తు చేయవలెను. లైసెన్సుదారు మరణించినచో వారసులు తుపాకిని ఇంట దాచక స్టేషనులోనో, లైసెన్సు గల దుకాణములోనో అప్పగించి తమ పేర దరఖాస్తు చేసికొనవలెను.

అయితే తుపాకి లైసెన్సు వేటకు అనుమతి కాదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము, దానికి 1991లో వచ్చిన సవరణ వినోదపు వేటను పూర్తిగా ఆపివేసినవి. కౌజును కొట్టినను నేరమే. అడవిపంది ఇప్పుడు ఆ చట్టపు రెండవ షెడ్యూలులో ఉన్నది. పంటకు నష్టము చేయు పందిని చంపుటకు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారిగాని, ఆయన అధికారమిచ్చిన అధికారిగాని వ్రాతమూలకముగా అనుమతి ఈయవలెను. నెమలి మొదటి షెడ్యూలులోనిది. పంట నష్టము కారణముగా దానిని చంపుటకు అనుమతి లేదు. గురి సరదా గలవారు మట్టి బిళ్ళలనే ఆశ్రయింపవలెను. హైదరాబాదు క్రీడాకారుడు కైనాన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఈ ట్రాప్ పోటీలోనే జట్టుతో బంగారు పతకము, విడిగా కాంస్య పతకము సాధించినాడు.

అనుమతి వచ్చువరకు ఆగలేక చేని చుట్టూ కరెంటు తీగ లాగుటయు, నాటు బాంబులు పెట్టుటయు కొందరు చేయుచున్నారు. ఆ తీగకు తగిలి చచ్చునది పంది మాత్రమే కాదు. తెల్లవారుజామున నీరు కట్టబోయిన పొరుగు రైతు, కొన్నిచోట్ల తీగ కట్టిన రైతే. ఆ బాంబు కొరికి దవడ పగిలి ఆకలితో చచ్చు పాడిఆవులు కలవు. గ్రామాధికారులు ఇట్టివి కనబడినచో వెంటనే తొలగింపజేయవలెను. పంట నష్టమును వెంటనే చూచి అనుమతి కాగితములు ఆలస్యము కాకుండ పంపవలెను. కాగితము త్వరగా కదలినచోట రైతు తీగ జోలికి పోడు.

ఆ రైతు చివరకు తాతనాటి తుపాకిని దుకాణమునకు ఒప్పగించి, 70 మిల్లీమీటర్ల గది గల తేలిక తుపాకికై దరఖాస్తు పెట్టుకొన్నాడు. ఈలోపల నలుగురు ఇరుగుపొరుగు రైతులతో కలిసి వంతులవారీ కావలి, చేని చుట్టూ ముళ్లకంచె ఏర్పాటు చేసికొన్నాడు. చేతికి తుపాకి వచ్చిన తరువాత కూడ ఈ రెండింటిని మానవద్దని అతనికి చెప్పితిని. ఇతర రైతు సోదరులకును అదే నా మనవి.